కవర్ కప్పినంత మాత్రాన నీడ కాదు

మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఎండలో కవర్ కప్పి నిలబెట్టిన మోటార్‌సైకిల్ కనిపిస్తే, కవర్ అంచు కాస్త ఎత్తి లోపలికి చెయ్యి పెట్టి చూడండి. బయటి గాలి కంటే లోపలి గాలే ఎక్కువ వేడిగా తగులుతుంది. కవర్ ఎండను ఆపిన మాట నిజమే, కానీ వేడిని బయటికి పోనివ్వదు. ఎండాకాలంలో అలా పట్టి ఉంచేది వేడిని, వానాకాలంలో తేమను.

నా వాదన ఇదీ. బండికి ముందు కావలసింది నీడ, తర్వాత గాలి. ఆ రెండూ అమరాకే కవర్. మనలో చాలామంది ఈ వరసను తిరగేస్తున్నాం. ఐదారు వందలు పెట్టి ఒక కవర్ కొని, దాన్నే నీడ అనుకుని, బండిని నడివీధి ఎండలో వదిలేస్తున్నాం. పదేళ్ళు నిగనిగలాడాల్సిన బండి మూడేళ్ళకే వెలిసిపోవడానికి సగం కారణం ఇదే.

ఎండ చేసే చెడుపు రెండు రకాలు. ఒకటి అతినీలలోహిత కిరణాల వల్ల, రెండోది వేడి వల్ల. ఈ రెంటినీ విడిగా చూస్తే తప్ప, ఏది దేన్ని కాపాడుతుందో తేలదు. పెయింటు వెలిసిపోవడం, హెడ్‌లైట్ అద్దం పసుపుబారడం, రంగు వెయ్యని నల్ల ప్లాస్టిక్ మడ్‌గార్డు బూడిద రంగుకు తిరిగి వేలితో రుద్దితే పొడి రాలడం, ఇవన్నీ ముఖ్యంగా కిరణాల పని. అన్ని రంగుల్లోనూ ఎరుపు త్వరగా దెబ్బతింటుంది. స్టిక్కర్లు అంచుల దగ్గర లేవడం, పెట్రోలు ఆవిరైపోవడం, బ్యాటరీ ఆయుష్షు తగ్గడం వేడి పని. సీటుకూ టైర్లకూ రెండూ కలిసి తగులుతాయి.

సీటు సంగతి దగ్గరగా చూడాలి. పైన ఉండే రెక్జిన్ నిజానికి పీవీసీ పూసిన గుడ్డ. అది మెత్తగా ఉండేందుకు కలిపిన నూనెలాంటి పదార్థం ఎండ వేడికి మెల్లగా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు రెక్జిన్ బిగుసుకుపోతుంది, మనం కూర్చుని లేచే చోట, కుట్టు పక్కన సన్నగా చీలుతుంది. వాన నీళ్ళు ఆ చీలిక నుంచీ సూది రంధ్రాల నుంచీ లోపలి ఫోములోకి దిగుతాయి. పైన తుడిస్తే సీటు పొడిగానే కనిపిస్తుంది. బొటనవేలితో కుట్టు పక్కన గట్టిగా నొక్కితే దారం వెంట చిన్న చిన్న నీటి పూసలు పైకి వస్తాయి. ఆ దశలో కొత్త రెక్జిన్ ఒక్కటీ వేయించుకుంటే సరిపోదు. ఫోమును పూర్తిగా ఆరబెట్టి, ఫోముకూ రెక్జిన్‌కూ మధ్య ఒక పొర పల్చటి పాలిథిన్ వేసి కుట్టమని సీటు కుట్టేవాళ్ళకు చెప్పాలి. ఫోము ఆరకుండా పైన కప్పేస్తే లోపల బూజు పట్టి వాసన వస్తుంది, సీటు కింది ఇనుప రేకు తుప్పు పడుతుంది.

టైర్ల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. టైరు రబ్బరులో మైనం లాంటి పదార్థం ఒకటి కలుపుతారు. అది మెల్లగా పైకి వచ్చి రబ్బరు మీద పొరలా ఏర్పడి, గాలిలోని ఓజోన్ నుంచి కాపాడుతుంది. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అది బాగా పైకి వస్తుంది. నెలల తరబడి కదలని బండి టైరుకు ఆ రక్షణ అందదు. అందుకే తక్కువ తిరిగిన బండి టైరు పక్క గోడ మీద కూడా వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తాయి. బండి కొనేటప్పుడైనా, టైరు మార్చేటప్పుడైనా పక్క గోడ మీదున్న నాలుగంకెలు చూడండి. 2323 అని ఉంటే 2023లో 23వ వారం తయారైందని అర్థం. సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎండాకాలమని టైరులో రెండు పాయింట్లు గాలి తగ్గించమని అడగడం తప్పు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ వంగి, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. సుమారు అయిదారు డిగ్రీల వేడికి ఒక పాయింటు పెరగడం సహజమే. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం పట్టిస్తే చాలు.

ట్యాంకు నిండా పెట్రోలు పోయించి బండిని ఎండలో వదలకూడదు. బంకులో భూమి లోపలి నుంచి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. పది లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మెడ దాకా పోయిస్తే ఆ పెరిగింది ఎటు పోవాలి? కొత్త బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. దానిలోకి ద్రవం దిగితే అది పాడవుతుంది, బండి స్టార్టింగ్ ఇబ్బంది మొదలవుతుంది. మూత కింద మెడ లోపల కనిపించే రేకు అంచు కిందికే ఆపమని బంకులో చెప్పండి.

ఇక నీడ దగ్గరికి వద్దాం. నీడ అనగానే గోడ పక్కన నిలబెడతాం. ఏ గోడ? ఉత్తరం గోడ పక్కన ఎప్పుడూ నీడే ఉంటుందని మనకొక నమ్మకం. చలికాలంలో అది నిజం, వేసవిలో కాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లో ఉత్తరం గోడకు పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. మన ప్రాంతంలో వేసవికి అనువైనది ఇంటికి తూర్పు వైపు. పొద్దుటి ఎండ పడినా గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, ఒంటిగంట దాటాక గోడ నీడ బండి మీదికి వస్తుంది. పడమటి గోడ పక్కన పెడితే పన్నెండు నుంచి ఆరు దాకా ఎండా, దాంతోపాటు గోడ కక్కే వేడీ రెండూ బండికే.

గోడ ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో అయిదడుగుల ప్రహరీ గోడ తూర్పు వైపు నాలుగడుగుల నీడ ఇవ్వాలంటే మధ్యాహ్నం మూడు కావాలి. అప్పటికి ఎండ చేయాల్సింది చేసేసి ఉంటుంది. ఇరవై అడుగుల ఎత్తున్న రెండంతస్తుల ఇల్లు ఒంటిగంటకే అంత నీడ ఇస్తుంది. బండి హ్యాండిల్ వెడల్పు రెండున్నర అడుగులు. గోడకు సమాంతరంగా, ఒక అడుగు ఎడంగా పెడితే ఆ నాలుగడుగుల్లో బండి మొత్తం సరిపోతుంది. గోడకు అడ్డంగా ముక్కు ఆనించి పెడితే సీటూ వెనక భాగమూ ఎండలోనే ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో ఇంకో విషయం చూసుకోవాలి. ఏసీ బయటి యూనిట్ ఎదురుగా బండి పెట్టకండి, నీడలో ఉన్నా వేడిగాలి అంతా దానికే కొడుతుంది.

చెట్టు నీడ మంచిదే, కానీ ఏ చెట్టన్నది చూసుకోవాలి. పూత మీదున్న మామిడి చెట్టు కింద బండి పెడితే తేనెమంచు పురుగు వదిలే జిగురు సన్నటి తుంపరలా పడి, దాని మీద దుమ్ము అంటి, ఆపైన నల్ల బూజు పడుతుంది. రావి, మర్రి కాయల కాలంలో పక్షులూ గబ్బిలాలూ వదలవు. నేరేడు చెట్టు కింద జూన్‌లో మరకలు ఖాయం. కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ వద్దు, కాయ పడకపోయినా ఎండు మట్ట పడితే చాలు, ట్యాంకు సొట్టపోతుంది. వేప, కానుగ నయం. ఏ చెట్టు కిందైనా పక్షి రెట్ట పడితే ఆ రోజే తీసెయ్యాలి. ఎండ వేడికి పెయింటు కాస్త మెత్తబడి ఉన్నప్పుడు రెట్టలోని పులుపు పెయింటు పైనుండే పారదర్శకమైన పొరను, అంటే క్లియర్ కోట్‌ను తినేస్తుంది, మచ్చ మిగిలిపోతుంది. తీసే పద్ధతి కూడా ఉంది. గోటితో గీకకుండా, పొడి గుడ్డతో రుద్దకుండా, తడిగుడ్డ మడిచి అయిదు నిమిషాలు దాని మీద ఉంచి, నానాక పైకి ఎత్తెయ్యాలి. రెట్టలో ఇసుక రేణువులుంటాయి, రుద్దితే గీతలు పడతాయి.

సొంత ఇల్లుంటే రేకుల షెడ్డు వేయించుకోవచ్చు. బండి పొడవు ఆరున్నర అడుగులుంటుంది, అద్దాలతో కలిపి ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చాలు. పడమటి వైపు మాత్రం రేకును రెండడుగులు ముందుకు దించండి. ఎత్తు ఏడడుగులకు తగ్గనివ్వద్దు. తక్కువ ఎత్తులో ఉన్న రేకు తనే పెనంలా కాగి కిందికి వేడి చిమ్ముతుంది. పక్కలు మూసెయ్యకండి. దుమ్ము రాకుండా నాలుగు వైపులా రేకు కొట్టించడం చూస్తుంటాం, అది బండికి షెడ్డు కాదు, పొయ్యి. చలువ పందిరి వేసే ఊళ్ళలో తాటాకు కప్పు ఏ రేకు కన్నా చల్లగా ఉంటుంది. కానీ ఎండిన ఆకు వేలాడి సైలెన్సర్‌కు తగిలే ఎత్తులో ఉండకూడదు. ఎలుకల బెడద కూడా చూసుకోవాలి.

అద్దె ఇంటివాళ్ళకు షేడ్ నెట్ మంచి ఉపాయం. నర్సరీల మీద కప్పే ఆ ఆకుపచ్చ వల 50, 75, 90 శాతం అని దొరుకుతుంది. ఎంత శాతం ఎండను ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. బండికి 75 గాని 90 గాని తీసుకోండి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ముక్క చాలు. వల అంచును నేరుగా తాడుతో కడితే నెలకే చిరుగుతుంది. పొడవు వైపు రెండు అంచుల్లో ఒక్కోదాన్నీ ఒక్కో వెదురు బద్ద చుట్టూ మూడు మెలికలు తిప్పి, అడుగుకొకటి చొప్పున వైరుతో కట్టాలి. ఒక బద్దను గోడకు ఎనిమిది అడుగుల ఎత్తున కొట్టిన మేకులకు తగిలించి, రెండో బద్దను పడమటి వైపు రెండు కర్రలకు ఆరడుగుల ఎత్తున కట్టండి. కర్రల వైపు ముడి లాగితే ఊడేలా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలికి వల తెరచాపలా ఉబ్బి కర్రలను పీకి బండి మీదే పడేస్తుంది. మబ్బు కమ్మగానే ముడి లాగి చుట్టెయ్యడం ఒక నిమిషం పని.

ఇంత కష్టం దేనికంటారా? ఈ వల కింద గాలి ఆడుతుంది. పైగా దాని కింద కవర్ కప్పినా ఆ కవర్ ఎక్కువ రోజులు బతుకుతుంది. నేరుగా ఎండలో ఉన్న కవర్ పరిస్థితి వేరు. దుకాణాల్లో దొరికే కవర్లలో ఎక్కువ భాగం టాఫెటా పాలిస్టర్ గుడ్డకు లోపల వెండి రంగు పూత వేసినవే. 190టీ అని రాసి ఉంటే చదరపు అంగుళంలో నిలువు, అడ్డం పోగులు కలిపి 190 అని. అది నేత చిక్కదనం లెక్క మాత్రమే, ఎండకు ఎన్నాళ్ళు ఆగుతుందో అది చెప్పదు. మన ఎండకు ఆ వెండి పూత పెళుసెక్కి పొడిగా రాలుతుంది. లోపలి వైపు అరచేత్తో తుడిచి చూడండి. చేతికి వెండి పొడి అంటుకుంటే ఆ కవర్ పని అయిపోయింది. ఆ పొడి ట్యాంకు మీద రాలి, గాలికి కవర్ కదిలినప్పుడల్లా ఉప్పుకాగితంలా రుద్దుతుంది.

కవర్ కొనేటప్పుడు రంగుకన్నా మూడు విషయాలు చూడండి. అద్దాల కిందా వెనకా గాలి పోయే జాలీ, పొట్ట కింద బిగించే పట్టీ, ట్యాంకు తగిలే చోట లోపల మెత్తటి గుడ్డ. జాలీ లేకపోతే దర్జీ దగ్గర కుట్టించుకోవచ్చు. అరచేతి వెడల్పు మెష్ గుడ్డ రెండు చోట్ల వేయించి, వాన చుక్క లోపలికి రాకుండా పైన ఒక రెక్క కుట్టించండి. పై రంగు లేతగా ఉంటే మేలు. నీలం ప్లాస్టిక్ పట్టా కప్పడం మాత్రం ఏమీ కప్పకపోవడం కన్నా హాని. అది గాలి పీల్చదు, గరుకుగా ఉంటుంది, కట్టిన తాళ్ళు హ్యాండిల్ మూలల్లో ఒరుసుకుని పెయింటు లేపేస్తాయి.

కప్పే తీరుకూ కొన్ని పద్ధతులున్నాయి. బండి ఆపాక అరగంట ఆగాలి. వేడి సైలెన్సర్‌కు తగిలితే గుడ్డ కరిగి దానికే అంటుకుంటుంది, గీకినా పోదు. దుమ్ము మీద కవర్ వెయ్యకూడదు. ముందు నీళ్ళు చల్లి తుడిచి, ఆరాక కప్పండి. అంచు నేలకు జానెడు ఎత్తున ఆగాలి. నేలను తాకేలా కప్పితే తడి నేల ఆవిరి లోపలికి ఎక్కి బయటికి పోదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే అలాంటి కవర్ ఎత్తి చూస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టే ఉంటుంది. వెండి వైపు అంతా నీటి బొట్లు, ఇంజను రెక్కల మధ్య తడి, చైన్ మీద అప్పుడే పట్టిన నారింజ రంగు తుప్పు. రాత్రంతా నిలిచిన ఆ తేమ వాన కన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది. వానలో తడిసిన బండి గాలి తగిలితే గంటలో ఆరిపోతుంది. కాబట్టి వానాకాలంలో తెరిపి దొరికినప్పుడల్లా కవర్ తీసి, బండినీ కవర్‌నూ వేరువేరుగా ఆరనివ్వండి. తడి బండి మీద కవర్ వేయడం కన్నా వేయకపోవడమే నయం.

వానలో ఇంకో చిన్న రంధ్రం గురించి పట్టించుకోవాలి. చాలా బండ్లలో ట్యాంకు మూత చుట్టూ ఉన్న గుంటలో పడ్డ నీళ్ళు పోవడానికి ఒక చిన్న రంధ్రం, దాని కింద సన్నటి గొట్టం ఉంటాయి. ఎండాకాలం దుమ్ముతో అది పూడుకుపోతుంది. మొదటి వానకు నీళ్ళు అక్కడే నిలిచి, మూత సందుల్లోంచి ట్యాంకులోకి దిగుతాయి. ఇప్పుడు మనం వాడే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇనుప ట్యాంకు లోపలి నుంచి తుప్పు పట్టడం అక్కడే మొదలు. తొలకరికి ముందే మూత తెరిచి, ఆ రంధ్రంలో సన్నటి వైరు మెల్లగా తిప్పి, గుంటలో రెండు చెంచాల నీళ్ళు పోస్తే ట్యాంకు కింద గొట్టం నుంచి కారాలి. నీళ్ళు పోసేటప్పుడు పెట్రోలు మెడ రంధ్రాన్ని గుడ్డతో గట్టిగా మూయడం మరవకండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో నీడ కన్నా నీళ్ళు ముఖ్యం. గాలిలోని ఉప్పు లోహం మీద కూర్చుని తేమను లాగుతూనే ఉంటుంది. వారానికొకసారి మామూలు నీళ్ళతో చక్రాల ఊచలు, సైలెన్సర్, చైన్, బోల్టుల తలలు కడిగి ఆరబెట్టాలి. ఆ ఊళ్ళలో ఉప్పు పట్టిన బండి మీద కవర్ కప్పితే తుప్పుకు పందిరి వేసినట్టే. చైన్‌కు ఆరాక గేర్ ఆయిల్ పట్టించండి. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ లోపలి వైపు నుంచి చుక్కలు వెయ్యాలి. ఇంజను నడుస్తుండగా ఆ పని చేసి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, దయచేసి చెయ్యకండి.

మెరుపు కోసం డీజిలో కిరోసినో గుడ్డకు అద్ది తుడిచే అలవాటు మానండి. ఆ రోజు బండి తళతళలాడుతుంది, కానీ అది రబ్బరునూ ప్లాస్టిక్‌నూ పాడుచేస్తుంది, టైరుకు తగిలితే పైన చెప్పిన మైనం పొర పోతుంది. జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. మూడు నెలలకొకసారి మంచి మైనం పాలిష్ చాలు, అది కూడా మెరుపు లేని మ్యాట్ పెయింటుకు వద్దు. కొత్త బండి సీటు మీద, ప్యానెళ్ళ మీద షోరూమ్ పాలిథిన్‌ను ఏడాది పాటు ఉంచుకునేవాళ్ళున్నారు. ఎండకు దాని జిగురు కాలి పెయింటుకు పడుతుంది. పాలిథిన్ కింది రంగు ఒకలా, బయటి రంగు ఒకలా మారుతుంది. మొదటి వారమే పీకెయ్యండి.

గాలివాన వచ్చేటప్పుడు కవర్ తీసెయ్యాలి. కవర్ ఉన్న బండి గాలికి ఎక్కువ లొంగుతుంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు ఒరిగి ఉంటుంది కాబట్టి, గాలి కుడి నుంచి కొడితే స్టాండ్ మీదికే నొక్కుతుంది, ఎడమ నుంచి కొడితే లేపి కుడికి పడేస్తుంది. బండి ఎడమ వైపు గోడ ఉండేలా పెట్టి, మొదటి గేరు వెయ్యండి. నేల మెత్తగా ఉంటే స్టాండ్ కింద చిన్న బండ ముక్క పెట్టాలి, లేకపోతే రాత్రికి రాత్రి స్టాండ్ దిగిపోయి బండి పడుతుంది. సెల్లార్‌లో నీళ్ళు చేరే అపార్ట్‌మెంట్ అయితే ర్యాంపు పైకి తెచ్చి పెట్టండి. నీళ్ళలో మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. ముందు బ్యాటరీ వైరు తీసి, స్పార్క్ ప్లగ్ విప్పి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజను ఆయిల్ చూడాలి. అది పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు దిగినట్టే.

పిల్లలు చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్తే బండి అమ్మానాన్నల దగ్గర నెలల తరబడి ఉండిపోతుంది. వారానికొకసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని వాళ్ళకు చెప్పి వెళ్తారు. అది మేలుకన్నా కీడే ఎక్కువ. సెల్ఫ్ వాడుకున్నంత కరెంటు ఆ రెండు నిమిషాల్లో బ్యాటరీకి తిరిగి రాదు, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కకముందే ఆపడం వల్ల లోపల నీరు మిగిలి తుప్పు పడుతుంది. నడపగలిగితే పదిహేను రోజులకొకసారి ఇరవై నిమిషాలు నడపాలి. నడిపేవాళ్ళు లేకపోతే మెయిన్ స్టాండ్ వేసి, ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పి బ్యాటరీ తీసి చల్లటి చోట పెట్టండి. కార్బ్యురేటర్ బండి అయితే పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి, అది కనిపించేలా ఒక ఎర్ర రిబ్బన్ కట్టండి, లేదంటే కందిరీగలు మట్టిగూడు పెడతాయి. మళ్ళీ బండిని బయటికి తీసేటప్పుడు సీటు కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకల గూడు ఉందేమో టార్చి వేసి చూడాలి. వానాకాలమైతే చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, పాములు అక్కడే దూరతాయి. బ్యాటరీ 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే ఛార్జింగ్ పెట్టించాకే బిగించండి, ఈసారి ఎర్ర వైరు ముందు. టైర్లలో గాలి పట్టించి, పక్క గోడలు చూసి, బండి స్టార్ట్ అయ్యాక మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు మెల్లగా పట్టండి. డ్రమ్ములోనూ డిస్క్ మీదా పేరుకున్న తుప్పు ఊడిపోయి, బ్రేకు గరగరమనకుండా పట్టినప్పుడే వేగం పెంచండి.